బడి మూసిన వేళ బిడ్డ ఎవరి చెంత?

బడి మనకు చేయుచున్న ఉపకారములలో మిక్కిలి పెద్దది మనము ఏనాడును లెక్కలోనికి తీసికొననిది. బడి చదువు చెప్పుననుట అందరు నెరిగినదే. కాని ఉదయము తొమ్మిది గంటలు మొదలు సాయంకాలము నాలుగు గంటల వరకు బిడ్డ ఎక్కడ నున్నది, ఏమి తిన్నది, ఎవరి కనుసన్నలలో మెలగుచున్నది అను చింత తల్లిదండ్రులకు లేకుండ చేయుట కూడ బడి చేయు పనియే. పొలమునకు పోవు తల్లి, కార్యాలయమునకు పోవు తండ్రి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి పగలు కన్ను మూయు నర్సు, వీరందరును ఆ చింత లేకపోవుట వలననే తమ తమ పనులు చేసికొనగలుగుచున్నారు. గోడకు చేరగిలబడి కూర్చున్నవారికి గోడ బలము తెలియదు. గోడ కూలిన నాడే తెలియును.

ఆ గోడ 2020లో కూలినది. కోవిడ్ వ్యాధి కారణముగా ఆ యేటి మార్చి నెల నడుమ తెలుగు రాష్ట్రములు రెంటను బడులు మూతపడినవి. అదే నెల 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. వేసవి గడచినను బడి తలుపులు తెరుచుకొనలేదు. చదువు మాత్రము వేరొక దారిని ఇంటిలోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశములో దూరదర్శన్ సప్తగిరి చానలు ద్వారా, ఆకాశవాణి ద్వారా పాఠములు ప్రసారమైనవి. తెలంగాణములో 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో తరగతుల వారీగా పాఠము లారంభమైనవి. ప్రైవేటు బడులు సెల్‌ఫోనుల మీద, ల్యాప్‌టాపుల మీద తరగతులు నడపినవి. ఆంధ్రప్రదేశములో 9, 10 తరగతుల వారు 2020 నవంబరు 2న, తెలంగాణములో 9వ తరగతి వారును ఆపైవారును 2021 ఫిబ్రవరి 1న తిరిగి బడి మెట్లెక్కిరి. చిన్న తరగతుల పిల్లలు అంతకంటె ఎక్కువ కాలము ఇంటనే యుండిరి. 2021లో వ్యాధి రెండవసారి విజృంభించినప్పుడు బడులు మరల మూతపడి, ఆంధ్రప్రదేశములో ఆగస్టు 16న, తెలంగాణములో సెప్టెంబరు 1న తెరువబడినవి.

పాఠము ఇంటికి వచ్చినది. పాఠము చెప్పు టీచరు రూపము కూడ తెర మీదుగా వచ్చినది. రానిదల్లా, బిడ్డను కనిపెట్టుకొని యుండు పెద్దదిక్కు. పాఠమును తీగల మీదుగా పంపవచ్చును గాని, కాపలాను పంపజాలము.

మా ఇంటి సంగతి చెప్పుట అసందర్భము కాదనుకొందును. నేను రేడియోలోను, నా భర్త బ్యాంకులోను పనిచేయుచున్నాము. లాక్‌డౌన్ కాలమున ఈ రెండు కొలువులును ఆగరాని సేవలలోనివే. నాటికి మా అమ్మాయికి పదేండ్లు, అబ్బాయికి ఆరేండ్లు. మా అత్తగారు తెనాలి దాపుననున్న పల్లెలో నుండిరి. ఆమెను పిలిపించుటకు మనసొప్పలేదు. అరువదియైదేండ్లు దాటిన వృద్ధులును, పదేండ్ల లోపు పిల్లలును ఇల్లు కదలకుండుట మేలని ప్రభుత్వము సలహా ఇచ్చియుండెను. మే మిద్దరమును నిత్యము పదిమందిలో తిరిగి వచ్చువారము. ఆమెను మా ఇంటికి తెచ్చుట యనగా వ్యాధికి ఎదురేగి తెచ్చుటయే. కావున, ‘అక్క ఉన్నది గదా’ అని మాకు మేమే ధైర్యము చెప్పుకొంటిమి.

ఆగస్టులో ఒకనాటి ఉదయము అమ్మాయికి లెక్కల తరగతి జరుగుచున్నది. తమ్ముడు ఆకలి అనినాడు. ఆ పిల్ల ఫోను బల్లమీద నుంచి, వంటింటిలోనికి పోయి, గ్యాసు పొయ్యి వెలిగించి పాలు పెట్టినది. అంతలో ఫోనులో టీచరు తన పేరు పిలుచుట వినపడి పరుగెత్తి వచ్చినది. లెక్క ముగిసి చూచునప్పటికి పాలు పొంగి మంట ఆరిపోయినది; గ్యాసు మాత్రము వచ్చుచునే యున్నది. పక్కవాటాలోని పిన్నిగారు కిటికీలోనుండి వాసన పసికట్టి పరుగున వచ్చి రెగ్యులేటరు కట్టివేసి తలుపులు తెరచినది. ఏ ప్రమాదమును జరుగలేదు. ఆ సాయంకాలము నేను కోపముతో, “పొయ్యి దగ్గర ఎందుకు నిలబడలేదు?” అని అడిగితిని. “నేను రెండుచోట్లా ఎట్లా ఉండేదమ్మా?” అని ఆ పిల్ల ఏడ్చినది.

ఆ ప్రశ్నలోనే మన ప్రసంగ విషయమంతయు నున్నది. పదేండ్ల పిల్లను విద్యార్థినిగాను, దాదిగాను ఒకే గడియలో ఉండుమనుట మేము చేసిన తప్పు. ఆ తప్పు ఆనాడు మా ఒక్క ఇంటిలోనే జరిగినది కాదు.

ఇక విషయమును కొంచెము విడమరచి చూతము. 2020 జూలైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖ ‘ప్రజ్ఞాత’ అను పేర ఆన్‌లైన్ చదువునకు మార్గదర్శకములు వెలువరించినది. బడికి ముందటి వయసు పిల్లలకు రోజునకు 30 నిమిషములు మించరాదనియు, 1 నుండి 8 తరగతుల వరకు 30 మొదలు 45 నిమిషముల తరగతులు రోజునకు రెండు మించరాదనియు, 9 నుండి 12 వరకు అట్టివి నాలుగు మించరాదనియు అందు సూచింపబడినది. అనగా మూడవ తరగతి బిడ్డ తెర ముందు గడపునది హెచ్చుగా గంటన్నర. తల్లిదండ్రులు రాకపోకలతో కలిపి ఇల్లు విడిచియుండునది తొమ్మిది గంటలనుకొందము. మిగిలినవి ఏడున్నర గంటలు. దూరవిద్య యనగానే ఫోను గూర్చియు ఇంటర్నెట్టును గూర్చియు ఆందోళన పడితిమి గాని, ఆ ఏడున్నర గంటలను గూర్చి ఆలోచించినవారు తక్కువ.

ఇంటిలో చదువుకొను బిడ్డకు పెద్దవారు చేయవలసిన పనులు మూడు కలవు. మొదటిది కనిపెట్టుకొని యుండుట: బిడ్డ సురక్షితముగా నున్నదా, తిన్నదా, ఎవరైన తలుపు తట్టిరా అని చూచుట. ఇది తొమ్మిది గంటలును కావలెను. రెండవది తరగతిని అందించుట: వేళకు ఫోను చేతికిచ్చి, సరియైన చోట తెరచి, పుస్తకము ముందుంచుట. ఇది తరగతి వేళలకు మాత్రమే కావలెను. మూడవది చదివించుట: తెలియనిది తెలియజెప్పుట. దీనికి రోజున కొక గంట చాలును. అది సాయంకాలము తల్లియో తండ్రియో చేయవచ్చును. ఈ మూడు పనులును ఒక్కరే చేయవలెనని వెదకుట వలననే చాలమందికి ఎవరును దొరకలేదు. ఇంగ్లీషు వచ్చి, లెక్కలు వచ్చి, కంప్యూటరు వచ్చి, రోజంతయు ఇంట కూర్చుండు మనిషి ఎక్కడ దొరకును? కనిపెట్టుకొని యుండుటకు అక్షరజ్ఞానము కంటె ఓర్పును నమ్మకమును ముఖ్యము. పనులను విడదీసి చూచినచో మనిషి దొరకుట సులభమగును.

వయసును బట్టి కూడ అవసరము మారును. ఆరు మొదలు ఎనిమిదేండ్ల బిడ్డ ప్రక్కన పెద్దవారు కూర్చుండియే యుండవలెను. తొమ్మిది మొదలు పదకొండేండ్ల వారికి అదే ఇంటిలో, పిలిచిన పలుకునంత దూరములో నున్న చాలును. పండ్రెండు దాటినవారిని కొన్ని గంటలు విడిచి యుండవచ్చును గాని, పిలిచిన వెంటనే రాగల పెద్దవారొకరు సమీపమున నుండవలెను. ఇది అందరికి సరిపడు కొలత కాదు. బిడ్డ స్వభావమును తల్లిదండ్రులే ఎరుగుదురు. ఒకటి మాత్రము నిశ్చయము: ఒక బిడ్డను తానే చూచుకొనగలిగిన పిల్ల, మరియొక బిడ్డను కూడ చూడగలదని తలంపరాదు.

ఈ విషయమున చట్టము మన కేమి తోడ్పడినది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ముప్పదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట ఆరేండ్ల లోపు పిల్లలకు సంరక్షణ గది యుండవలెనని విధించినది. 2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజనముల చట్టము ఏబదిమందియు అంతకు మించియు ఉద్యోగులున్న సంస్థలలో క్రెష్ ఉండవలెనన్నది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింది అంగన్‌వాడీలును ఆరేండ్ల లోపువారికే. ఆరేండ్ల దగ్గర ఈ ఏర్పాటులన్నియు ఎందులకు ఆగినవి? అక్కడినుండి బడి ఉన్నది గనుక. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు బడిని హక్కుగా నిచ్చినది. ఆ వయసు బిడ్డ పగలు బడిలో నుండునని చట్టములన్నియు నమ్మినవి. బడి మూసిన నాడు ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డను చూచుకొను ఏర్పాటు మరి యెక్కడను లేకపోయినది. కేంద్ర ప్రభుత్వములోని మహిళా ఉద్యోగులకు పదునెనిమిదేండ్ల లోపు బిడ్డల కొరకు మొత్తము కొలువులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు కలదు; 2018 నుండి భార్య తోడు లేక బిడ్డను పెంచు పురుష ఉద్యోగులకును వర్తించినది. కాని కూలికి పోవు తల్లికి, దుకాణములో పనిచేయు తండ్రికి అట్టి సెలవు ఏది?

కావున కుటుంబములు తమ దారి తామే వెదకికొనినవి. ఆ దారులలో మొదటిది మన కెన్నడును ఉన్నదే, తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. బిడ్డకు ఇంతకంటె చల్లని నీడ లేదు. కాని వారికి చదువు యంత్రముల భారము కూడ అప్పగించినచో అలసిపోవుదురు. వారికి మొదటి పని మాత్రమే ఇచ్చి, ఫోను తెరచు పద్ధతిని పెద్ద అక్షరములతో కాగితము మీద వ్రాసి గోడకు అంటించుట మంచిది. అమెరికాలోని తెలుగు కుటుంబములలో అనేకములు ఈ నీడ మీదనే ఆధారపడినవి. ఇక్కడినుండి తల్లిదండ్రులు పోయి కొన్ని నెలలుండి వచ్చుట వాడుక. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానములు నిలిచిపోవుటతో ఆ దారి మూసికొనిపోయినది. అక్కడ రెండు మూడు కుటుంబములు కలిసి, పిల్లలను ఒక ఇంట చేర్చి, పెద్దలు వంతులు వేసికొను పద్ధతి ప్రబలెను. దానిని వారు ‘పాడ్’ అనిరి.

ఈ వంతుల పద్ధతి మనకును పనికివచ్చును. ఒకే వీధిలోనో, ఒకే అపార్టుమెంటులోనో ఉన్న మూడు కుటుంబములు కూడినవనుకొందము. ఆరుగురు పెద్దలున్నారు, పనిదినములు ఆరు. ఒక్కొక్కరు వారమున కొక్క దినము సెలవుగానో, ఇంటినుండి పనిచేయుచునో పిల్లలను చూచుకొనినచో వారము గడచును. దీనికి మూడు నియమములు అవసరము. వ్యాధి భయమున్న దినములలో ఆ మూడు కుటుంబములే కలియవలెను, నాలుగవది రాకూడదు. ఎవరి ఇంట జ్వరము వచ్చినను దాచకూడదు. వంతు తప్పినవారు ముందురోజే చెప్పవలెను. స్నేహము చెడునది పెద్ద విషయముల వద్ద కాదు, ఇట్టి చిన్న మాటల వద్దనే.

కర్ణాటకములో 2020 ఆగస్టులో ‘విద్యాగమ’ అను పేర ఉపాధ్యాయులే గ్రామములకు పోయి, ఆరుబయట పిల్లలను చిన్న చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి చెప్పిరి. వ్యాధి సోకునను భయము వలన అక్టోబరులో దానిని కొంతకాలము నిలిపివేయవలసి వచ్చినది. అయినను ఫోను లేని ఇంటి బిడ్డకు ఇట్టి ఏర్పాటే ఆధారము. ప్రథమ్ సంస్థ వెలువరించిన ‘అసర్’ నివేదిక ప్రకారము, గ్రామీణ ప్రాంతములలో బడిలో పేరున్న పిల్లల ఇండ్లలో స్మార్టుఫోను 2018లో 36.5 శాతమునకు ఉండగా, 2020 నాటికి 61.8 శాతమునకు వచ్చినది. పెరుగుదల గొప్పదే. కాని ఇంట ఫోను ఉండుట వేరు, తరగతి వేళకు అది బిడ్డ చేతిలో నుండుట వేరు. ఆ ఫోను తండ్రి జేబులో పనికి పోవునదే గదా!

ఇక జీతమిచ్చి మనిషిని పెట్టుకొనుట. ఇందు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పిల్లలను ఆడించుటకని పల్లెనుండి మరియొక పిల్లను తెచ్చుట మన సమాజములోని పాత దోషము. 2006 అక్టోబరు నుండియే పదునాలుగేండ్ల లోపువారిని ఇంటిపనికి పెట్టుట నిషిద్ధము. 2016 సవరణతో ఏ పనికిని పెట్టుకొనరాదని స్థిరపడినది. మన బిడ్డ చదువు కొరకు మరియొకరి బిడ్డ చదువును మాన్పించుట న్యాయము కాదు, చట్టసమ్మతము కాదు. పెద్దవారినే పెట్టుకొనవలెను. ఎరిగినవారి మాట మీద తీసికొని, వారు ఇంతకుముందు పనిచేసిన ఇంటికి పోయి స్వయముగా విచారించవలెను. గుర్తింపు పత్రము చూచి, పోలీసు విచారణ చేయించుకొనవలెను. మొదటి రెండు మూడు దినములు మనము ఇంట నుండగనే పనిచేయించి, బిడ్డ ఆమెతో ఎట్లు మెలగుచున్నదో గమనించవలెను. చేయవలసిన పనులు ఇవి, చేయనక్కరలేనివి ఇవి అని ముందే చెప్పవలెను. బిడ్డను చూచుటకు పిలిచి అంట్లు తోమించి బట్టలుతికించినచో, బిడ్డను చూచు కన్ను ఆమెకు మిగులదు. జీతము వేళకు ఇచ్చి, వారమున కొకనాడు సెలవిచ్చి, ఆమెకును ఇంట బిడ్డలున్నారని గుర్తుంచుకొనవలెను.

ఎవరి చెంత విడిచినను, బిడ్డకు చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. తన ఒంటిని ఎవరైన తగని రీతిని తాకినను, ‘అమ్మకు చెప్పవద్దు’ అని ఏ పెద్దవారైన అనినను, వెంటనే అమ్మకు చెప్పవలెనని నేర్పవలెను. చెప్పిన బిడ్డను కోపించకూడదు. ఆపదలో నున్న బిడ్డల కొరకు 1098 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు. బిడ్డకు ఆ నాలుగంకెలు తన పుట్టినరోజు వలె గుర్తుండవలెను.

ఇంటిని కూడ సిద్ధము చేయవలెను. పనికి పోవునప్పుడు సిలిండరు రెగ్యులేటరు కట్టివేసి, బిడ్డలకు పొయ్యితో పని లేకుండ చల్దియో, అటుకులో, పండ్లో చేతికందునట్లుంచవలెను. మా ఇంట ఆనాటినుండి ఇది నియమమైనది. ఫోనును ఛార్జింగులో నుంచి వాడనీయరాదు. ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరములోని వస్తువును ఇరువది సెకండ్లు చూచుట కన్నులకు విశ్రాంతి. తరగతి లేని వేళలకు రేడియో మంచి తోడు. అది కన్నులను కట్టివేయదు, చేతులను బంధింపదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల కార్యక్రమములు నడిపిన కాలమున పిల్లలు రేడియో చుట్టు కూర్చుండి వినుచుండ, పెద్దలును చెవి యొగ్గుచుండెడివారు. తెర ఒక్కరిని పిలుచును. రేడియో ఇంటినంతటిని పిలుచును. నేను రేడియో మనిషిని గనుక ఇట్లనుచున్నానని నవ్వుకొనినను నష్టము లేదు.

చివరకు మరల మా అమ్మాయి ప్రశ్నకు వత్తును. తల్లిదండ్రులు పనికి పోయినప్పుడు తమ్ముని చూచు భారము అక్క మీదనే ఎందుకు పడును? అన్న ఉన్న ఇంటిలో కూడ ఆ భారము చెల్లెలికే ఏల పోవును? మనము అడుగవలసిన ప్రశ్న ఇది. బాలకార్మిక చట్టము బిడ్డ తన కుటుంబమునకు సాయము చేయుటను అనుమతించునప్పుడు కూడ, అది బడి వేళ ముగిసిన తరువాతనో, సెలవులలోనో జరుగవలెనన్నది. బడి ఇంటిలోనికి వచ్చినంతమాత్రమున బడి వేళ చెరిగిపోదు. ఆ పిల్ల చేతిలో ఫోనున్న ఆ ముప్పావుగంట ఆమె బడిలో నున్నట్లే లెక్క. ఆ వేళ తమ్ముడు ఏడ్చినచో లేవవలసినది ఆమె కాదు.

మేము అటు తరువాత చేసినది గొప్ప పని కాదు. నేను తెల్లవారుజాము డ్యూటీ అడిగి తీసికొంటిని. నా భర్త ఉదయము ఇంట నుండి, వేళ దాటి బ్యాంకునకు పోవుటకు అనుమతి పొందినారు. మధ్య మిగిలిన గంటన్నర పక్కవాటా పిన్నిగారు వచ్చి కూర్చుండెడివారు. ప్రతిగా ఆమె మందులు, కూరలు మేము తెచ్చి ఇచ్చుచుంటిమి. మా వారికి తరగతి తెరచుట, జడ వేయుట, అన్నము కలిపి పెట్టుట వచ్చినవి. అవి అంతకుముందు రాకపోవుటకు కారణము చేతకాకపోవుట కాదు, అవసరము లేదనుకొనుటయే.

ఆ దినములు గడచిపోయినవని మరచుటకు వీలు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినప్పుడు బడులు మూసిరి. అదే యేడు నవంబరులో గాలి విషమించి ఢిల్లీ బడులు కొన్ని దినములు ఆన్‌లైనులోనికి పోయినవి. వానకో, ఎండకో, గాలికో, వ్యాధికో బడి మరల మూయవచ్చును. అప్పుడు వెదకుట ఆరంభించిన ఎవరును దొరకరు. ఈ ఆదివారము తీరికగా కూర్చుండి, మీ ఇంటి బిడ్డకు బడి లేని నాడు తొమ్మిది గంటలు ఎవరెవరు చెంతనుందురో ఒక కాగితము మీద గంటల వారీగా వ్రాసి చూడుడు. ఏ గడిలోనైన మీ పెద్దమ్మాయి పేరు వ్రాసినచో, ఆ వేళ ఆమెకు తరగతి ఉన్నదేమో ముందుగా ఆమెనే అడుగుడు.